తమ్ముడికి ఒంటి గురించి తప్ప ఇంకో ఆలోచన లేదు, ఫోన్ లాగేసుకుంటే సరిపోతుందా?

పెద్దక్క_పోరు

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మా తమ్ముడికి 16 ఏళ్లు. చిన్నప్పటి నుంచి సన్నగానే ఉంటాడు, మా ఇంట్లో మగవాళ్లందరూ ఆ వయసులో అలాగే ఉండేవాళ్లట. వాడు కనపడితే చాలు ఎవరో ఒకరు "ఏరా, గాలొస్తే ఎగిరిపోయేలా ఉన్నావే" అనో "మీ ఇంట్లో తిండి పెట్టట్లేదా" అనో అంటారు, వాడూ నవ్వేస్తాడు. పోయినేడాది జిమ్‌లో చేరాడు. మంచం మీద పడి ఫోన్ చూడడం కంటే నయం కదా అని అందరం సంతోషించాం. ఇప్పుడు చూస్తే వ్యవహారం వేరేలా ఉంది. టైలర్లు వాడే టేపు ఒకటి పుస్తకాల సంచిలో పెట్టుకుంటాడు, పొద్దున లేవగానే ఒకసారి, పడుకునే ముందు ఒకసారి చేతి కండ కొలిచి ఫోన్‌లో రాసుకుంటాడు. ఎండాకాలంలో కూడా చొక్కా లోపల రెండు బనియన్లు. ఎందుకురా అంటే ఊరికే అంటాడు, కాస్త నిండుగా కనపడడానికని నాకు తెలుస్తూనే ఉంది. ఒక్క రోజు జిమ్ తప్పితే ఆ రోజు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడడు. మొన్న బంధువుల ఇంట్లో ఫంక్షన్ ఉంటే జిమ్ టైమ్‌కి అడ్డమని రానేలేదు. ఏదో పౌడర్ డబ్బా కూడా తెచ్చుకున్నాడు, ఎవరిచ్చారో చెప్పడు.

మా పిన్ని కూతురిది ఇంకో కథ. దానికి 13. సోఫాలో కూర్చోగానే దిండు తీసి ఒళ్లో పెట్టుకుంటుంది, పొట్ట కనపడకుండా. ఫోటో అంటే ఎవరిదో ఒకరి భుజం వెనక్కి జరిగిపోతుంది. రెండేళ్ల క్రితం ఇదే పిల్ల ఫోటోలో ముందు వరసలో నిలబడతానని ఏడ్చేది.

నాన్న ఒకటే మాట, ఫోన్ లాగేస్తే అన్నీ సర్దుకుంటాయని. అమ్మేమో ఆ వయసులో అందరికీ ఉండేదే అంటుంది. నిజంగా ఇదంతా ఫోన్ వల్లేనా? జిమ్ మాన్పించాలా? ఇంట్లో పెద్దవాళ్లకి ఎలా చెప్పాలి, వాళ్ల దృష్టిలో ఆ మాటలన్నీ ప్రేమతో అన్నవే కదా?


పాతకాలం_మనిషి

అమ్మా, మీ అమ్మగారు చెప్పిందే కరెక్టు. మా రోజుల్లో క్లాసులో సొంత పేరుతో పిలిపించుకున్నవాడు ఒక్కడూ లేడు. బక్కోడు, బండోడు, పొట్టోడు, నిచ్చెన, ఇవే పేర్లు. ఎవడూ అద్దం ముందు కూర్చుని ఏడవలేదు. మీ కుర్రాడు సిగరెట్టు కాల్చట్లేదు, తాగట్లేదు, ఒళ్లు గట్టిపరుచుకుంటున్నాడు, దానికి కూడా టెన్షనేనా? ఫోన్ మాత్రం తగ్గించండి, అందులో వచ్చేదంతా చెత్త. మిగతాది రెండేళ్లలో దానంతట అదే పోతుంది. ఈ మధ్య ప్రతిదానికీ ఒక జబ్బు పేరు తగిలించడం ఎక్కువైపోయింది.


సగం_చదివిన_సైకాలజీ

ఎమ్మెస్సీ మధ్యలో ఉన్నాను, డాక్టర్ని కాదు, ఆ మేరకే తీసుకోండి.

ఫోన్ వల్లేనా అంటే, ఫోన్ వల్ల కూడా. ఈ విషయం చదివేవాళ్లు 1999 నుంచి మూడు వైపుల ఒత్తిడి గురించి చెబుతూ వస్తున్నారు: ఇంట్లోవాళ్లు, తోటివాళ్లు, మీడియా. పిల్లలు ఎక్కడో ఒక ఒంటిని చూస్తారు, అలా ఉంటేనే బాగుంటుందని ఇంట్లోనో క్లాసులోనో మాటల్లో వింటారు, ఇక తమను తాము దానితో పోల్చుకోవడం మొదలవుతుంది. పోల్చుకోవడం మనిషికి పుట్టుకతో ఉన్న బుద్ధే, లియోన్ ఫెస్టింగర్ 1954లోనే దీన్ని సిద్ధాంతంగా రాశాడు: గట్టి కొలబద్ద దొరకని చోట మనం పక్కవాళ్లను చూసి మనల్ని కొలుచుకుంటాం అని. పరుగు పందెంలో గడియారం చెబుతుంది ఎంత వేగమో. చూడ్డానికి బాగున్నానా అనే ప్రశ్నకి ఆ గడియారం లేదు, పక్కవాళ్లే గతి.

మీడియా ఎంత చేయగలదో చెప్పాలంటే మా క్లాసులో తప్పకుండా వచ్చేది ఫిజీ దీవుల సంగతి. అక్కడ నద్రోగా అనే ప్రాంతానికి 1995లో మొదటిసారి టీవీ వచ్చింది. అప్పటిదాకా అక్కడ నిండైన ఒళ్లే బాగున్నట్టు లెక్క, ఎవరైనా చిక్కిపోతే అయ్యో, ఇంట్లో సరిగా చూసుకోవట్లేదేమో అని కంగారు పడేవాళ్లు. యాన్ బెకర్ అనే పరిశోధకురాలు టీవీ వచ్చిన కొత్తలో స్కూలు అమ్మాయిలను ఒకసారి, మళ్లీ 1998లో అదే ఈడు అమ్మాయిలను ఒకసారి ప్రశ్నలడిగారు. తిండితో పేచీ ప్రమాదం దాకా వెళ్లినట్టు కనపడినవాళ్లు 12.7 శాతం నుంచి 29.2 శాతానికి పెరిగారు. బరువు తగ్గాలని కావాలనే వాంతి చేసుకున్నామని చెప్పినవాళ్లు మొదటిసారి ఒక్కరూ లేరు, మూడేళ్ల తర్వాత 11.3 శాతం. రెండుసార్లూ అడిగింది ఒకే అమ్మాయిలను కాదు, ప్రతిసారీ ఓ 60 పైచిలుకు మందే, కాబట్టి మొత్తం పాపం టీవీ మీదే వేసేయలేం. అయినా చిక్కితే బాధపడే ఊళ్లో మూడేళ్లలో ఇంత మార్పంటే చిన్న విషయం కాదు.

ఆ టీవీకీ ఈ ఫోన్‌కీ ఒక తేడా ఉంది. టీవీలో కనపడేది ఎక్కడో ఉన్న నటుడు, వాడితో పోల్చుకుని ఓడిపోయినా పెద్ద బాధ ఉండదు, వాడి పనే అది. ఫోన్‌లో కనపడేది పక్క సెక్షన్ కుర్రాడు. వాడూ మనమూ ఒకే బెంచీల మీద కూర్చుంటాం, మరి వాడికి ఉన్నది నాకెందుకు లేదు అనిపిస్తుంది, పైగా ఎంతమందికి నచ్చాడో అంకె కూడా కిందే ఉంటుంది. 2021లో ఫేస్‌బుక్ కంపెనీ లోపలి కాగితాలు బయటికొచ్చాయి గుర్తుందా, వాళ్ల సొంత సర్వేలోనే, అప్పటికే తమ ఒళ్లు తమకు నచ్చక బాధలో ఉన్న టీనేజ్ అమ్మాయిల్లో 32 శాతం మంది ఇన్‌స్టాగ్రామ్ ఆ బాధను పెంచిందని చెప్పారు. మిగిలినవాళ్లలో చాలామంది తేడా ఏమీ లేదన్నారు, కొందరికి మేలే అయిందట. పత్రికల్లో ఆ రెండో సగం ఎక్కువ మంది రాయలేదు.

అంటే మీ నాన్నగారి మాటలో సగం నిజం ఉంది. డిప్రెషన్, ఆందోళన లక్షణాలున్న 17 నుంచి 25 ఏళ్ల విద్యార్థులతో చేసిన ఒక ప్రయోగం 2023లో అచ్చయింది. సోషల్ మీడియాను రోజుకు గంటకి తగ్గించుకున్నవాళ్లకి మూడు వారాల్లోనే తమ రూపం మీద, బరువు మీద అభిప్రాయం మెరుగైంది. కాకపోతే వాళ్లు ఒప్పుకుని తగ్గించుకున్నారు, నాన్న వచ్చి లాగేసుకోలేదు.

మిగతా సగం ఇంట్లో ఉంది. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్లు హైస్కూలు వయసు నుంచి 1,800 మందికి పైగా 15 ఏళ్ల పాటు గమనించారు. చిన్నప్పుడు బరువు గురించి ఎగతాళి పడ్డవాళ్లు 30 ఏళ్లు వచ్చేసరికి సన్నబడలేదు సరికదా, ఇంకా లావయ్యే అవకాశమే ఎక్కువగా కనపడింది. అమ్మాయిల విషయంలో ఎగతాళి చేసింది స్నేహితులైనా ఇంట్లోవాళ్లైనా ఫలితం ఒకటే. సరదాకి అన్నాం అనే మాట ఈ లెక్కల్లో పనిచేయదు. పాతకాలం_మనిషి గారూ, మీ క్లాసులో ఎవరూ ఏడవలేదని మీకెలా తెలుసండీ? మీ ముందు ఏడవలేదు, అంతే కదా.


డంబెల్_బాబు

అక్కా, నేను జిమ్‌లో ట్రైనర్‌ని. మీ తమ్ముడి లాంటి కుర్రాళ్లు నా దగ్గరికి రోజూ వస్తారు, అందుకే రాస్తున్నా.

ముందు జిమ్ మాన్పించకండి. మాన్పిస్తే ఇంట్లో తలుపేసుకుని చేస్తాడు, అది ఇంకా ప్రమాదం. కానీ మీరు చెప్పినవాటిలో నాకు భయం వేసింది టేపు గురించి కాదు, ఫంక్షన్ మానేయడం గురించి, జిమ్ తప్పితే మాట మానేయడం గురించి. కొలుచుకోవడం కొత్తలో అందరూ చేస్తారు. బతుకంతా జిమ్ టైమ్ చుట్టూ తిరగడం మొదలైతే అది వేరే సంగతి. దీనికి పేరు 1997లోనే పెట్టారు, మజిల్ డిస్మార్ఫియా అని. అంతకు ముందు అనొరెక్సియాకి, అంటే లావైపోతామన్న భయంతో తిండి మానేసే జబ్బుకి, తిరగేసిన రూపం అనేవాళ్లు. అందులో ఎముకల గూడులా ఉన్న మనిషి తను లావని నమ్ముతాడు, ఇందులో కండలు తిరిగినవాడు తను బక్కగా ఉన్నానని నమ్మి చొక్కా మీద చొక్కా వేసుకుంటాడు. మానసిక వైద్యులు వాడే డీఎస్ఎమ్ పుస్తకంలో కూడా 2013 నుంచి ఉంది. మీ తమ్ముడికి అదే ఉందని నేననను, అది డాక్టర్ చెప్పాలి. పెద్దాయన అన్నట్టు ఊరికే పెట్టిన పేరు మాత్రం కాదు.

మగపిల్లల మీద ఒత్తిడి అంటే చాలామందికి నవ్వొస్తుంది. జీఐ జో అని అమెరికాలో సైనికుడి బొమ్మ ఒకటి ఉంది, మగపిల్లలు ఆడుకునేది. కొందరు పరిశోధకులు ఆ బొమ్మ కొలతల్ని 5 అడుగుల 10 అంగుళాల మనిషికి లెక్కగట్టి చూశారు. 1964లో వచ్చిన బొమ్మకి చేతి కండ 12.2 అంగుళాలు, అంటే మామూలు మనిషే. 1990లు ముగిసేసరికి అదే పేరుతో వచ్చిన ఒక బొమ్మకి 26.8 అంగుళాలు. పేరున్న బాడీబిల్డర్లకే అంత చెయ్యి ఉండదు! ఆరేళ్ల పిల్లాడు దాన్ని పక్కలో పెట్టుకుని పడుకుంటాడు.

ఇక ఫోన్‌లో కనపడే బాడీల సంగతి. మా జిమ్‌లో పక్క నుంచి లైటు పడే అద్దం ఒకటుంది, ఎవరు ఫోటో దిగినా అక్కడే దిగుతారు. ఆ వెలుతురుకి కండల మధ్య గీతలకి నీడ పడుతుంది, ఉన్నదానికి రెట్టింపు కనపడుతుంది. అది కూడా సెట్లన్నీ అయ్యాక, రక్తం కండల్లోకి ఎక్కి బిగుసుకున్న పావుగంటలోనే దిగాలి, అన్నం టైమ్ దాటితే ఆ బాడీ ఉండదు. పోటీలకి వెళ్లేవాళ్లైతే చివరి రోజుల్లో నీళ్లు కూడా తగ్గించేస్తారు, చర్మం ఒంటికి అతుక్కున్నట్టు కనపడాలని. స్టేజీ మీద అంత మెరిసే మనిషికి కింద మెట్లెక్కడానికి ఓపిక ఉండదు, కళ్లు తిరుగుతాయి. ఆ ఫోటోనే ఏడాదంతా తిప్పితిప్పి పెడతారు. కుర్రాళ్లకి ఇదంతా ఎవరూ చెప్పరు, ఆయన రోజూ అలాగే లేస్తాడనుకుంటారు.

ఇంకోటి, స్టెరాయిడ్లు, అంటే కండలు తొందరగా పెరగాలని వాడే హార్మోన్ మందులు. మీ తమ్ముడి వయసులో ఇవి మొదలైతే ఎముకల చివర్లు ముందే మూసుకుపోయి పెరగాల్సిన ఎత్తు ఆగిపోయే ప్రమాదం ఉంది. వృషణాలు చిన్నవవుతాయి, మొటిమలు, కోపం, మానేశాక దిగులు. ఒక్కసారిగా వీపు నిండా మొటిమలు వచ్చినా, కొద్ది వారాల్లోనే బరువు బాగా పెరిగిపోయినా గమనించండి.


సరే_చూద్దాం

నాకు 20. చెల్లి గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను రాస్తా.

దిండు నాకు బాగా తెలుసు. దిండు లేకపోతే బ్యాగు, బ్యాగు లేకపోతే చున్నీ, ఏదో ఒకటి ఒళ్లో ఉండాల్సిందే. బయటివాళ్లకి అది చిన్న విషయం, లోపల జరిగేదేంటంటే మనం ఎక్కడ కూర్చున్నా మనల్ని మనమే ఎదురు గోడ మీద నుంచి చూసుకుంటూ ఉంటాం. ఎవరో జోకు వేస్తే నవ్వుతూనే, నవ్వితే గడ్డం కింద మడత పడుతుందేమో అని ఇంకో పక్క ఆలోచన. దీని మీద 1998లో వచ్చిన ప్రయోగం ఒకటి చదివాను. కొందరు అమ్మాయిలకి ఈత దుస్తులు, కొందరికి స్వెటర్ ఇచ్చి, గదిలో ఒంటరిగా అద్దం ముందు వేసుకోమని, అలాగే కూర్చుని లెక్కల పరీక్ష రాయమన్నారు. ఎవరూ చూడట్లేదు, అయినా ఈత దుస్తుల్లో ఉన్నవాళ్లకి మార్కులు తగ్గాయి. అబ్బాయిలకి ఆ తేడా రాలేదు. బుర్రలో సగం కాపలాకే పోతే లెక్కలేం చేస్తారు పాపం.

నేను చెప్పాలనుకున్నది ఇంకోటి. అందరూ ఎగతాళి గురించే మాట్లాడుతున్నారు, నాకు ఎక్కువ దెబ్బ తగిలింది మెచ్చుకోళ్ల వల్ల. పదో తరగతిలో టైఫాయిడ్ వచ్చి బాగా చిక్కిపోయాను, నిలబడితే మోకాళ్లు వణికేవి, దువ్వెన నిండా జుట్టు. ఆ అవతారంలో ఒక పెళ్లికి వెళ్తే కనపడినవాళ్లంతా "అబ్బ, ఎంత తగ్గావ్, ఇప్పుడు బాగున్నావ్, ఇలాగే మెయింటెయిన్ చెయ్" అన్నారు. జ్వరం వచ్చిందని అమ్మ చెప్పినా "ఏదైతేనేం, మంచికే" అన్నారు. అంతకు ముందు అంతమంది ఒకేసారి నన్ను మెచ్చుకున్నది ఎప్పుడూ లేదు, క్లాస్ ఫస్ట్ వచ్చినప్పుడు కూడా. మళ్లీ కోలుకుని బరువు పెరుగుతుంటే నాకు ఆరోగ్యం వస్తున్నట్టు అనిపించలేదు, ఏదో ప్రైజు వెనక్కి లాక్కుంటున్నట్టు అనిపించింది. అక్కడి నుంచి రెండేళ్లు తిండితో నానా తంటాలు పడ్డాను, వివరాలు ఇక్కడ రాయను, చదివేవాళ్లలో చిన్నపిల్లలు ఉంటే అవే నేర్చుకుంటారు.

అందుకే చెల్లి ఎప్పుడైనా సన్నబడితే దయచేసి ఎవరినీ బాగున్నావ్ అననివ్వకండి. భోజనం మానేస్తోందా, తినగానే బాత్రూమ్‌కి వెళ్తోందా, నెలసరి ఆగిందా, ఇవి మీ పిన్నిని చూసుకోమనండి. ఇందులో ఏది ఉన్నా డాక్టర్ దగ్గరికే. ప్రాణాలు పోయే ప్రమాదం మానసిక జబ్బుల్లో బాగా ఎక్కువగా ఉన్నవాటిలో అనొరెక్సియా ఒకటి.


పాతకాలం_మనిషి

సరే, ఎగతాళి వద్దు, ఒప్పుకున్నాను. మెచ్చుకున్నా తప్పేనా? ఇంకేం మాట్లాడాలి పిల్లలతో? నిజంగానే ఒళ్లు బాగా పెరిగిపోతే, ముందు ముందు షుగరూ బీపీ వస్తాయని తెలిసి కూడా నోరు మూసుకు కూర్చోమంటారా? డాక్టర్ చెబితే వైద్యం, నేను చెబితే ఎగతాళీనా? ఎగతాళి కోసం అడగట్లేదు, నిజంగానే అడుగుతున్నాను.


బళ్లో_పంతులమ్మ

మంచి ప్రశ్నే అడిగారు సార్. ఆరు నుంచి పదో తరగతి వరకు ఏళ్ల తరబడి చెబుతున్నదాన్ని, నాకు తోచింది చెబుతా.

లావయ్యావు అని చెబితే పిల్లలకి కొత్తగా తెలిసేది ఏమీ లేదండి. మీకంటే ముందు వాళ్లకి తెలుసు, స్కర్టు హుక్కు పట్టనప్పుడే తెలుసు. మనం అన్నందువల్ల కలిగేది సిగ్గు ఒక్కటే, సిగ్గుపడిన పిల్లలు మైదానానికి రావడం మానేస్తారు, దాక్కుని తింటారు. ఆరోగ్యం గురించే బెంగైతే ఇల్లంతా కలిసి మార్చండి, ఇంటిల్లిపాదీ సాయంత్రం నడవండి, ఆ పిల్ల పేరు పెట్టి ఆ పిల్ల కంచంలోనే కోత పెట్టొద్దు. టీనేజ్‌లో సొంతంగా కడుపు మాడ్చుకుని డైటింగ్ చేసేవాళ్లు కొన్నేళ్లకి మిగతావాళ్ల కంటే ఎక్కువ బరువు పెరిగినట్టు కూడా అధ్యయనాలు వచ్చాయి.

13 ఏళ్ల ఆడపిల్ల ఒంట్లో కొవ్వు చేరడం రోగం కాదు, ఎదుగుదల. నడుము, తొడలు నిండుగా అవ్వాల్సిన వయసే అది. ఆడపిల్లలు సగటున 12 ఏళ్ల దగ్గర జోరుగా ఎత్తు పెరుగుతారు, మగపిల్లలు 14 దగ్గర. అందుకే ఏడు, ఎనిమిది తరగతుల గ్రూప్ ఫోటో చూస్తే ఒకే వయసు పిల్లలు అక్కాతమ్ముళ్లలా ఉంటారు. పుట్టినరోజు ఒకటే అయినా ఈ ఎదుగుదల ఒకరికి పదో ఏట మొదలవుతుంది, ఒకరికి పద్నాలుగో ఏట. మగపిల్లల్లో దాదాపు సగం మందికి ఆ వయసులో ఛాతీ కాస్త ఉబ్బుతుంది, రెండేళ్లలో చాలామందికి తగ్గిపోతుంది. పాపం ఈ సంగతి చెప్పేవాళ్లు లేక వంగి నడుస్తుంటారు, ఆటల పీరియడ్‌లో చొక్కా మార్చుకోవాల్సి వస్తే కడుపునొప్పి అంటారు. నేను చేసే పని ఒక్కటే, ఎనిమిదో తరగతిలో ఈ పాఠం వచ్చినప్పుడు తలుపేసి, నవ్వకుండా, అన్నీ చెప్పేస్తా. ఆ తర్వాత వారం రోజులు చీటీల మీద ప్రశ్నలు వస్తూనే ఉంటాయి.

మన బళ్లూ తక్కువేం కాదు లెండి. హెల్త్ చెకప్ పేరుతో అందరి ముందూ నిలబెట్టి బరువు గట్టిగా చదవడం నా కళ్లతో చూశాను. నేను చెప్పాక మా దగ్గర తెర పెట్టారు, అంకె కార్డులో రాసి ఇస్తారు, నోటితో చదవరు. పైసా ఖర్చు లేదు.

ఫోటోల గురించి ఒక ముక్క. సెల్ఫీలో ముక్కు పెద్దగా ఉందని ఏడ్చే పిల్లలు క్లాసుకి నలుగురుంటారు. 2018లో వచ్చిన లెక్క ప్రకారం ఒక అడుగు దూరంలో తీసిన ఫోటోలో ముక్కు, అయిదు అడుగుల దూరంలో తీసినదాని కంటే దాదాపు 30 శాతం వెడల్పుగా పడుతుంది. దగ్గరున్నది పెద్దగా కనపడడం కెమెరా గుణం. నేను క్లాసులో ఒకే పిల్లవాణ్ని రెండు దూరాల నుంచి తీసి చూపిస్తా, మిగతా పిల్లలు నోరెళ్లబెడతారు. ఫిల్టర్లు గురించి ఉపన్యాసం ఇచ్చే కంటే ఇది బాగా ఎక్కుతుంది. మార్చిన ఫోటోల కింద ఆ సంగతి రాయాలని ఫ్రాన్స్‌లో 2017 నుంచి, నార్వేలో 2022 నుంచి ప్రకటనలకి చట్టం ఉంది. మంచిదే, కానీ ఆ ముక్క చదివినంత మాత్రాన చూసేవాళ్లు పోల్చుకోవడం మానట్లేదని పరీక్షించినవాళ్లు చెబుతున్నారు. కన్ను చూసేది బొమ్మనే, కింది అక్షరాల్ని కాదు.

మెచ్చుకోవద్దని ఎవరన్నారు సార్? ఆ పిల్ల వేసిన బొమ్మని మెచ్చుకోండి, చెప్పిన కబురుకి నవ్వండి. చాలా రోజులకి కనపడితే "ఏం చదువుతున్నావ్ ఈ మధ్య, ఆ కుక్కపిల్ల ఎలా ఉంది" అని అడగండి. బరువుతో మొదలుపెట్టకుండా ఉంటే చాలు.


పెద్దక్క_పోరు

అందరికీ థాంక్స్. నిజానికి ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. పంతులమ్మ గారి మాట పట్టుకుని నిన్న పిన్నితో మాట్లాడాను. చెల్లి భోజనం మానట్లేదట కానీ స్కూల్లో డబ్బా సగం వెనక్కి వస్తోందట, ఈ వారం డాక్టర్‌కి చూపిస్తానంది. నాన్నతో మాత్రం వాదన పెట్టుకోలేదు. బాబాయి వస్తున్నాడని తెలిసి ముందే ఫోన్ చేసి "బాబాయ్, వాడి ఒంటి గురించి ఏమీ అనకు, వాడు బాధపడుతున్నాడు" అని చెప్పేశాను. ఆయన "నేనేమన్నానే" అన్నాడు కానీ వచ్చి క్రికెట్ గురించే మాట్లాడాడు. అన్నం తినేటప్పుడు ఒకసారి నోటిదాకా వచ్చింది, నా వైపు చూసి ఆపేసుకున్నాడు.

తమ్ముడికి డంబెల్_బాబు గారి పోస్టు పంపాను. చదివాడు, రిప్లై లేదు. రాత్రి వచ్చి "పక్క లైటు సంగతి నిజమేనా" అని అడిగాడు. అంతవరకే. పౌడర్ డబ్బా నేను చూశాను, దాని మీద కంపెనీ అడ్రసు లేదు, ఏమేం కలిపారో రాసే చోట చిన్న ఇంగ్లీషు అక్షరాలు సగం చెరిగిపోయి ఉన్నాయి. తీసి పారేయనా? వాడు గొడవ చేస్తాడు.


డంబెల్_బాబు

పారేయకండి అక్కా, వాడికి తెలియకుండా అసలే వద్దు. పారేస్తే ఇంకోటి కొంటాడు, ఈసారి మీకు కనపడదు. కండలు పెంచే సరుకులో చెప్పకుండా స్టెరాయిడ్లు కలుపుతున్నారని అమెరికాలో మందుల్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ఎన్నోసార్లు హెచ్చరించింది, అడ్రసు లేని డబ్బా అంటే అనుమానించాల్సిందే. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు డబ్బా చేత్తో పట్టుకెళ్లండి, రక్తపరీక్ష అవసరమా లేదా ఆయన చెబుతారు. అప్పటిదాకా ఆపమని అడగండి, "అందులో ఏముందో తెలిసేదాకా ఆపు" అంటే వింటారు, "మానెయ్" అంటే వినరు. పక్క లైటు సంగతి నిజమే. ఇంట్లో టేబుల్ లైటు ఉంటే ఒకసారి ఎదురుగా, ఒకసారి పక్క నుంచి పెట్టి వాడి చేతినే ఫోటో తీసి చూసుకోమనండి. నమ్మకపోతే నాకు మెసేజ్ చేయమనండి, సాయంత్రం ఎనిమిది తర్వాత ఖాళీగానే ఉంటా.